ముందే ఇచ్చేసిన కోడి

నరసరావుపేట,
3 ఫిబ్రవరి 1958

చిరంజీవి చిన్నప్పకు,

మీ బావ కృపావరం దీవించి, ఆపైన కాస్త గర్వపడి రాస్తున్న ఉత్తరం. అందరం క్షేమం. మీ అక్క ఎస్తేరుకి పంటినొప్పి తగ్గింది కనుక ఇంట్లో మళ్ళీ నా మాట ఎవరికీ వినబడటం లేదు.

నీ కార్డులన్నీ అందాయి. మద్రాసు నుంచి ఒకటి, బెంగుళూరు నుంచి ఒకటి, కలకత్తా బయలుదేరుతున్నానని ఇంకొకటి. ఒక్క దాంట్లోనూ గెలిచానని రాయలేదు. ఇంత వినయం ఎక్కడ నేర్చావురా? నేనైతే నేర్పలేదు. మన స్కూలు చెడుగుడు జట్టు తాలూకాలో గెలిస్తేనే గదా గుంటూరు వెళ్ళేది? ఓడినవాళ్ళు సాయంత్రం బండికి ఇంటికొచ్చేస్తారు. నువ్వు ఇంటికి రాకుండా ఊరి తరవాత ఊరు పోతున్నావంటే సంగతి తెలుసుకోలేనా? ఇన్నేళ్ళుగా డ్రిల్లు మాస్టర్ని. నీ టెన్నిసు ఆట చూసి రైల్వేవాళ్ళు గుమాస్తా ఉద్యోగం ఇచ్చినప్పుడే అనుకున్నాను, వీడు నా పరువు నిలబెడతాడని.

నిన్న కోతపండుగ. మన గుడిలో ఎవరి మొదటి ఫలం వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టాలి గదా. మిరపతోట వేసినవాడు మొదటి కోత కాయలు తెచ్చాడు, గేదె ఈనినవాళ్ళు నెయ్యి తెచ్చారు. నీ మొదటి గెలుపుని బుట్టలో పెట్టి తేలేం కనుక మీ అమ్మ ఒక కోడిపెట్టని చంకలో పెట్టుకొచ్చింది. పాస్టరు ఇశ్రాయేలు అయ్యగారు గట్టిగా చదివారు: "రాజమ్మగారి కుమారుడు చిన్నప్ప దూరదేశములలో టెన్నిసు ఆటయందు జయము పొందినందుకు కృతజ్ఞతగా కోడి ఒకటి." కోడి కూడా సరిగ్గా అప్పుడే అరిచింది. తరవాత ఆవరణలో వేలం వేస్తే కాంపౌండరు జ్ఞానయ్య పాడుకున్నాడు. కిరాణాకొట్టు శేషగిరిరావుగారు బజార్లో ఆపి నాకు షేక్‌హ్యాండు ఇచ్చారు. ఆడింది నేనేనన్నట్టు పుచ్చుకున్నాను.

ఇట్లు,
నీ మొదటి గురువు, ఆఖరి గురువు కూడా కావాలని ఆశపడే
బావ

*

కలకత్తా,
10 ఫిబ్రవరి 1958

పూజ్యులైన బావగారికి ఓడిపోయిన బావమరిది నమస్కారాలు.

అయ్యో బావా, ఆ కోడి! ఎట్లాగైనా దాన్ని వెనక్కి తెప్పించండి. నేను ఎక్కడా గెలవలేదు. ఇది చెడుగుడులాగా కాదు. ఏ ఊరి పోటీ ఆ ఊరిదే, ఓడినవాళ్ళు కూడా తరవాతి ఊరు వెళ్ళొచ్చు. మద్రాసులో మొదటి రౌండులో ఓడాను. పెట్టె సర్దుకుని బెంగుళూరు వెళ్ళి అక్కడా మొదటి రౌండులోనే ఓడాను. కలకత్తాలో నిన్న ఓడాను. రైల్వే ఉద్యోగిని కనుక కొత్త ఊళ్ళో కొత్తగా ఓడటానికి టికెట్టు ఖర్చు కూడా లేదు.

అమ్మకి మెల్లగా చెప్పండి. అక్కకి చెప్పకపోయినా ఫరవాలేదు, ఆమె ముందే కనిపెట్టి ఉంటుంది.

ఒక మంచి సంగతి. నాకు తోడు దొరికాడు. పేరు హెన్క్. హాలండు దేశస్థుడు. బందరులో పాత కోట కట్టిన ఒలందావాళ్ళు ఉన్నారే, వాళ్ళ తాలూకు. గడకర్రలాగా పొడుగ్గా ఉంటాడు. వాడూ ప్రతి ఊళ్ళోనూ మొదటి రౌండులోనే పోతున్నాడు. మీ దేశంలో నీ స్థానం ఎక్కడ అని అడిగితే, "పేజీ తిప్పి చూడాలి" అన్నాడు. గెలిచినవాళ్ళు పెద్ద కోర్టుల్లో ఆడుతుంటే మేమిద్దరం వెనకవైపు కోర్టులో ఒకరితో ఒకరు ఆడుకుంటాం. అక్కడ మాత్రం ఎవడో ఒకడు గెలవక తప్పదు, కానీ అది లెక్కలోకి రాదు.

మీ
చిన్నప్ప

*

నరసరావుపేట,
20 ఫిబ్రవరి 1958

కలకత్తా దాకా వెళ్ళి ఓడిన మహావీరుడికి,

కోడి వెనక్కి రాదు నాయనా. ఆ ఆదివారమే కూరైపోయింది. ఎంత ఉడికించినా ఉడకలేదని, బొగ్గులన్నీ దానికే అయ్యాయని కాంపౌండరు ఇప్పటికీ నా మీద గుర్రుగా ఉన్నాడు.

మీ అమ్మకి భయపడుతూ చెప్పాను. ఆవిడ చింతపండు ఈనెలు తీస్తూ విని, "ఓడాడా? సరే, ఇచ్చిన కోడిని ఎట్టా అడుగుతాం? దేవుడు ముందే తీసేసుకున్నాడు. ఇంక ఆయనే మనకో గెలుపు ఇయ్యాల. ఆయన ఎగ్గొట్టేవాడు కాదులే" అంది. అయ్యగారితో కూడా అదే మాట అనేసి వచ్చింది. ఆయన సంఘంలో తప్పు దిద్దలేక, "చిన్నప్ప కొరకు ప్రార్థన కొనసాగించుదము" అని మాత్రం అన్నారు. కాబట్టి పరలోకంలో నీ పేరు మీద ఒక గెలుపు రావలసి ఉంది. ఎప్పుడు తెచ్చుకుంటావో నీ ఇష్టం.

నీ స్నేహితుడి సంగతి చదివి వినిపించాను. "పేరేంది? హెన్కా? హనోకు అయ్యుంటదిలే, బైబిల్లో పేరే. అమ్మ ఉందంటనా ఆ బిడ్డకి?" అని అడిగింది. తెలిస్తే రాయి.

ఇట్లు,
జ్ఞానయ్య కంట పడకుండా తిరుగుతున్న
బావ

*

మద్రాసు,
12 జనవరి 1959

బావగారికి నమస్కారాలు.

ఈ ఏడూ అదే కథ. ఊళ్ళ పేర్లు మార్చి పాత ఉత్తరమే మళ్ళీ చదువుకోండి. హెన్క్ మళ్ళీ వచ్చాడు. వాడికి అమ్మ లేదట, చిన్నప్పుడే పోయింది. నాన్నకి రంగుల కొట్టు ఉంది. అమ్మ పంపిన పండుమిరప పచ్చడి వద్దంటున్నా వినకుండా చెంచాతో తిన్నాడు. తరవాత కూజాలో నీళ్ళన్నీ తాగేశాడు. మర్నాడు ఓడాడు. పచ్చడి వల్ల ఓడాడని అమ్మ బాధపడకుండా చూడండి. పచ్చడి లేనప్పుడూ ఓడేవాడే.

ఇక్కడి కోచ్ నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వు ఎదుటివాడి ఎడమచేతి మూలకి ఎప్పుడూ గట్టిగా కొట్టవు, ఎందుకని?" నాకే తెలియదు ఇన్నాళ్ళూ. ఆలోచిస్తే నవ్వొచ్చింది. మీరు నాకు ఆట నేర్పిన స్కూలు గ్రౌండులో ఆ మూల బావి ఉంది గదా! మిషను దొరగారు ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిపోయినవి రెండే బంతులు. బావిలో పడితే ఆ రోజుకి ఆట బందు, ఆపైన మీ చేతి బెత్తం. ఆ మూలకి బంతి వెళ్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వెనక్కి లాగుతుంది. నేను అటు కొట్టనని హెన్క్‌కి ఎప్పుడో తెలిసిపోయింది, ఎందుకో మాత్రం తెలియదు. ఆ మూల ఖాళీగా వదిలేసి నిశ్చింతగా ఇటుపక్కే నిలబడతాడు.

గురుదక్షిణగా ఈ అవలక్షణం మీకే అంకితం.

మీ
చిన్నప్ప

*

మద్రాసు,
18 జనవరి 1960

బావగారికి,

ఈసారి నవ్వులాట తక్కువ. మా ఆఫీసరుగారు పిలిచి చెప్పారు. వచ్చే సీజనులో ఒక్క పెద్ద పోటీలోనైనా ఒక్క మ్యాచి గెలవకపోతే ఆట సెలవులు ఉండవట. గూడ్సు షెడ్డులో మూటలు సరిచూసుకునే పనికి వేస్తారు. ఆయన మంచివాడే, తప్పు ఆయనది కాదు. మూడేళ్ళు పంపించారు, మూడేళ్ళూ మొదటి రౌండే. కానీ బావా, నాకు ఆట మానాలని లేదు. ఓడిపోతున్నా సరే, పొద్దున్నే సున్నం గీతల మధ్య నిలబడితే నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

హెన్క్‌కి రెండు పోటీల మధ్య వారం ఖాళీ ఉంది. హోటలుకి డబ్బు లేదు. నాకు సెలవు లేదు. వాణ్ణి మన ఇంటికి పంపనా?

మీ
చిన్నప్ప

*

నరసరావుపేట,
9 ఫిబ్రవరి 1960

చిన్నప్పా,

మీ హనోకు వచ్చాడు, ఉన్నాడు, వెళ్ళాడు. ఇప్పుడు ఇల్లంతా బోసిగా ఉంది. మీ అక్క అయితే నువ్వు మద్రాసు వెళ్ళినప్పుడు కూడా ఇంత బాధపడలేదు.

మొదట్నుంచీ చెప్తాను. స్టేషనులో దిగేటప్పుడే తలుపుకి తల కొట్టుకున్నాడు. మన ఇంట్లో మళ్ళీ కొట్టుకున్నాడు. మీ అమ్మ ప్రతి గుమ్మానికీ ఎర్ర గుడ్డపీలిక కట్టింది, వంగాలని గుర్తుగా. మంచం మీద పడుకుంటే మోకాళ్ళ నుంచి కిందంతా బయటే. కింద నాపరాళ్ళ మీద చాప వేసుకుని పడుకుంటానన్నాడు, హాయిగా పడుకున్నాడు. తెల్లవాడంటే మిషను దొరే అని మీ అమ్మ లెక్క గదా, రాగానే వాక్యం చెప్పమంది. నేను తర్జుమా చేశాను. వాడు బిక్కమొహం వేసి, తాను టెన్నిసు మాత్రమే ఆడతానన్నాడు. "అదన్నా సరిగ్గా ఆడమను" అంది మీ అమ్మ. అది నేను తర్జుమా చెయ్యలేదు.

స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళాను. నల్లరేగడి కదా, నెర్రెలు విచ్చి ఉంది. పిడుగురాళ్ళ సున్నం తెప్పించి గీతలు గీయించాను. వాడు గ్రౌండంతా తిరిగి చూసి, ఆ మూల బావి దగ్గర ఆగి లోపలికి తొంగి చూశాడు. వెంటనే నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పిల్లలంతా భయపడ్డారు. "ఇదా! ఇందుకా!" అంటాడు. నాకు కొంచెం సిగ్గేసిందనే చెప్పాలి. పిల్లలతో చీకటి పడిందాకా ఆడాడు. బంతి ఒకటి బావిలో పడితే ఖలందర్ దిగి తెచ్చాడు. మన ఊళ్ళో పూడికలు తీసేవాడు, నీకు తెలుసు.

కోతపండుగకి ఉన్నాడు. వేలంలో చెయ్యి ఎత్తడం సరదా అనిపించి ప్రతిదానికీ ఎత్తాడు. ఒక గుమ్మడికాయ, ఒక చీపురుకట్ట, రోకలి వాడి పేర ఖాయమయ్యాయి. గుమ్మడికాయ రైలెక్కించుకున్నాడు. రోకలి మీ అక్క పుచ్చుకుంది.

వెళ్ళేముందు వంగమని, వాడి తల మీద రెండు చేతులూ పెట్టి మీ అమ్మ ప్రార్థన చేసింది. "తండ్రీ, తల్లి లేని బిడ్డ. ఈ బిడ్డకి కూడా ఒక్క గెలుపు ఇయ్యి" అని. వాడికి ఒక్క మాట అర్థం కాలేదు, కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

నీ గూడ్సు షెడ్డు సంగతి నా ఒక్కడి దగ్గరే ఉంది. ఈసారి ఎగతాళి చెయ్యను. ఆడరా. అంతే.

బావ

*

మద్రాసు,
19 డిసెంబరు 1960

బావా,

మద్రాసు పోటీకి జోడీలు వేశారు. కాగితం మీద రెండు సార్లు చూశాను. మొదటి రౌండులో నా ఎదురు హెన్క్.

నాకిది ఆఖరి అవకాశం. మిగతా పోటీలకి ఆఫీసువాళ్ళు ఈసారి పంపడం లేదు. వాడికీ ఆఖరిదే. వచ్చే ఏడు నుంచి రంగుల కొట్టులో కూర్చోమని నాన్న రాశాడట. ఇద్దరిలో ఎవరమూ ఇంతవరకు ఒక్క మ్యాచి గెలవలేదు. ఇరవై ఎనిమిదో తారీఖున ఒకడు గెలిచి తీరాలి. ఇవాళ కూడా ఇద్దరం కలిసే భోజనం చేశాం.

అమ్మకి చెప్పకండి.

చిన్నప్ప

*

నరసరావుపేట,
23 డిసెంబరు 1960

చిరంజీవికి,

చెప్పకండి అని రాసిన మాట మీ అక్క పైకి చదివేసింది. ఆ తరవాత ఏం దాస్తాం?

విషయం సంఘంలోకి పాకింది. స్త్రీల ప్రార్థన కూటం రెండుగా చీలింది. బసవమ్మ పిన్నీ వాళ్ళు నీ పక్షం. వాడు గుమ్మడికాయ మోస్తుంటే చూసిన ముసలివాళ్ళంతా వాడి పక్షం. ఇద్దరి కోసం ఒకేసారి ప్రార్థిస్తే దేవుడికి ఇబ్బంది గదా అని అయ్యగారు తల పట్టుకున్నారు. మీ అమ్మ మాత్రం, "ఇద్దరూ నా బిడ్డలే. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు, మీరు నోరుమూసుకొని మోకరించండి" అంది. క్రిస్మసుకి అరిసెలు పంపుతున్నాం. సమంగా పంచుకోండి. ఎవరికి ఎక్కువ పెట్టావో నాకు తెలిసిపోతుంది.

మరొక సంగతి. మునిసిపాలిటీ కొళాయి స్కూలు దాకా వచ్చింది. పిల్లలు పడతారని, గ్రౌండులో బావి మీద నాపరాళ్ళు పరిపించేశాం. నేనే దగ్గర నిలబడి సున్నం వేయించాను. నీకు ఎందుకు రాస్తున్నానంటే, ఊరికే రాస్తున్నాను.

బావ

*

మద్రాసు,
29 డిసెంబరు 1960

బావా,

గెలిచాను.

ఈ మాట ఎట్లా రాయాలో తెలియలేదు, ఎప్పుడూ రాసింది కాదు. చెరో సెట్టు అయింది. మూడో సెట్టులో ఇద్దరికీ కాళ్ళు పీక్కుపోయాయి. గెలవడానికి ఒక్క పాయింటు దూరంలో ఉన్నాను. బంతి నా దగ్గరికి మెల్లగా వచ్చింది. వాడు ఎప్పటిలాగే ఇటుపక్క నిలబడి ఉన్నాడు. ఆ మూల ఖాళీ. మూడేళ్ళుగా ఖాళీగానే వదిలేస్తున్నాడు, నేను కొట్టనని వాడికి తెలుసు. నా చెయ్యి వెనక్కి లాగింది. అప్పుడు మీ ఉత్తరం గుర్తొచ్చింది, మీరు నిలబడి వేయించిన సున్నం గుర్తొచ్చింది. కొట్టాను. గీతకి లోపలే పడింది.

వాడు పరిగెత్తను కూడా లేదు. ఆ మూలకేసి చూస్తూ నిలబడిపోయాడు. తరవాత నెట్టు దగ్గరికి వచ్చి చెయ్యి ఇస్తూ అడిగిన మొదటి మాట: "బావి ఎప్పుడు మూసేశారు?"

నాకు ఏడుపొచ్చేసింది. అంతమంది చూస్తుండగా వాడి భుజం దాకా కూడా అందక, చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఓడితే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. గెలిస్తే, అదీ వాడి మీద గెలిస్తే, ఏం చెయ్యాలో తెలియలేదు. సంతోషంగానే ఉంది, దొంగతనం చేసినట్టూ ఉంది. వాడే నన్ను కాఫీకి తీసుకెళ్ళాడు.

ఈ రోజు రెండో రౌండులో ఓడాను, యథాప్రకారం. ఆఫీసరుగారు ఇంకో ఏడాది దాకా ఆట సెలవులు ఉంచారు. హెన్క్ రేపు ఓడ ఎక్కడానికి బొంబాయి వెళ్తున్నాడు.

మీ
చిన్నప్ప

*

నరసరావుపేట,
6 ఫిబ్రవరి 1961

విజేతకి,

ఈ మాట రాసే రోజు వస్తుందనుకోలేదు. నీ ఉత్తరం చదివి నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు ఒక్కణ్ణే నిలబడ్డాను. కంట్లో నలక పడిందని మీ అక్కతో చెప్పాను, ఆమె నమ్మలేదు. వెంటనే జవాబు రాయాల్సింది. నెల రోజులుగా ఊరంతా తిరిగి చెప్పుకోవడంతోనే సరిపోయింది.

మీ అమ్మకి చెప్తే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మొదట అడిగిన మాట: "ఆ బిడ్డ అన్నం తిన్నాడా?" కాఫీ తాగారని చెప్పాను. "కాఫీ ఏంది కాఫీ" అని నిన్ను తిట్టింది. గెలిచినవాడు అన్నం పెట్టించాలట.

నిన్న కోతపండుగలో మళ్ళీ కోడిని తెచ్చింది. నీ గెలుపుకే అనుకున్నాం. కాదట. నీ లెక్క తీరిపోయింది గదా! "హనోకు గెలుపుకి" అంది. అయ్యగారు మెల్లగా, "ఏ గెలుపమ్మా?" అన్నారు. "రాబోయేది" అంది. పోయినసారి తెలియక ముందుగా ఇచ్చాం, ఈసారి తెలిసే ముందుగా ఇచ్చాం. ఆట మానేస్తున్నాడమ్మా అని నేను చెప్పినా వినలేదు. కాంపౌండరు ఈ కోడిని కూడా పాడుకున్నాడు, భయపడుతూనే. అరగంటలో ఉడికిందట, వచ్చి మరీ చెప్పాడు.

బావ

*

మద్రాసు,
24 జూన్ 1961

బావా,

కార్డు గదా, చోటు లేదు, గబగబా రాస్తున్నాను. హెన్క్ ఉత్తరం వచ్చింది. ఇంకొక్క వేసవి ఆడతానని నాన్నని బతిమాలాడట. సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊళ్ళో పోటీ. మొదటి రౌండు గెలిచాడు. రెండో రౌండూ గెలిచాడు! "ఆ అమ్మకి చెప్పు" అని రాశాడు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఇదేం న్యాయమో అమ్మని అడగండి. నా గెలుపుకి మూడేళ్ళు పట్టింది, ఒక్కటే వచ్చింది. వాడికి నాలుగు నెలల్లో రెండా?

చిన్నప్ప

*

నరసరావుపేట,
2 జూలై 1961

చిన్నప్పా,

అడిగాను. జవాబు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నా మీద కోపం వద్దు.

"చిన్నప్ప గెలుపుకిచ్చింది గుడ్లు మానేసిన ముసలి పెట్ట. నా కొడుకే గదా, ఏదో ఒకటి పెడితే దేవుడు చూసుకుంటాడులే అనుకున్నా. హనోకు పరాయి తల్లి కన్న బిడ్డ. వాడికి సరిగ్గా పెట్టకపోతే ఆ తల్లికి రేపు పైన నా మొహం ఎట్టా చూపించను? రోజూ గుడ్డు పెట్టే పెట్టని ఇచ్చా."

ఇంత చెప్పి లేచి పెరట్లోకి వెళ్ళి, మనింట్లో మిగిలిన ఒక్క గుడ్లపెట్టనీ పట్టుకొచ్చి మంచంకోడుకి కట్టేసింది. కోతపండుగ దాకా దాన్నీ, దాని గుడ్లనీ ఎవరూ ముట్టుకోకూడదట, అది నీదట. మీ అక్క అప్పట్నుంచి గుడ్లు కొనుక్కొస్తూ నిన్ను తలుచుకుంటోంది.

బావ